బీజింగ్ ఫర్బిడెన్ సిటీ: నేరుగా నడిచి బయటికొచ్చేయకండి

[తెర మీద: వూమెన్ ద్వారం, ఎర్రగోడల ముందు జనం]

నమస్తే. ఈరోజు బీజింగ్‌లోని ఫర్బిడెన్ సిటీకి వెళ్దాం. 1406లో కట్టడం మొదలుపెట్టి 1420లో పూర్తి చేసిన రాజప్రాసాదం ఇది. మింగ్, చింగ్ వంశాలకు చెందిన 24 మంది చక్రవర్తులు ఇక్కడి నుంచి ఏలారు. చివరివాడైన పుయీని 1924లో బయటికి పంపేశారు. మరుసటి ఏడాదే ఇది మ్యూజియం అయింది.

విదేశాల నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది ఇక్కడ ఒకటే పని చేస్తారు. దక్షిణాన ఉన్న వూమెన్ ద్వారంలో లోపలికొచ్చి, నడిమధ్యన ఉన్న పెద్ద మండపాలు చూసుకుంటూ, రెండు గంటల్లో ఉత్తర ద్వారంలో బయటపడతారు. "చాలా పెద్దగా ఉంది కానీ గదులన్నీ ఖాళీ" అనుకుంటూ వెళ్ళిపోతారు. నాకు ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. ఆ ఖాళీ వెనక ఏముందో, ఏ పక్కకి తిరగాలో చెబుతాను. ముందు గేటు దాటే సంగతి చూద్దాం.

[తెర మీద: ఫోన్‌లో టికెట్ బుకింగ్ పేజీ]

గేటు దగ్గరికెళ్ళి టికెట్ కొనుక్కోవచ్చులే అనుకోకండి. ముందుగా ఆన్‌లైన్‌లో, పాస్‌పోర్టు నంబరు మీద బుక్ చేసుకోవాలి. టికెట్లు ఏడు రోజుల ముందు, బీజింగ్ సమయం రాత్రి 8 గంటలకు వదులుతారు. అంటే మనకు సాయంత్రం ఐదున్నర. సీజన్‌లో చూస్తుండగానే అయిపోతాయి కాబట్టి ఐదుంబావుకే ఫోన్ పట్టుకుని కూర్చోండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు 60 యువాన్లు, మిగతా నెలల్లో 40. పండగ సెలవులు తప్ప సోమవారం మూసేస్తారు.

మన పేర్లతో ఒక చిక్కుంది. ఇంటిపేరు, అసలు పేరు, మధ్యలో ఇంకో పేరు. పాస్‌పోర్టులో ఏ వరుసలో ఉంటే అదే వరుసలో, ఒక్క అక్షరం తేడా లేకుండా కొట్టండి. వెళ్ళిన రోజు ఒరిజినల్ పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, జిరాక్స్ నడవదు. అక్టోబరు మొదటి వారం చైనాలో జాతీయ సెలవులు. ఆ రోజుల్లో మాత్రం వెళ్ళకండి.

భారతీయ పాస్‌పోర్టుకి వీసా ముందే తీసుకోవాలి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న తెలుగువాళ్ళకి మాత్రం ఇంకో దారి ఉంది. అమెరికా నుంచి ఇండియా వచ్చేటప్పుడు బీజింగ్‌లో ఆగితే, 240 గంటల వరకు వీసా లేకుండా ఉండొచ్చు. ముందుకు వెళ్ళే టికెట్ మూడో దేశానికి ఖరారై ఉండాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు గమనించండి, అక్కడ చూసేది పాస్‌పోర్టునే.

డబ్బుకి అలీపే అనే ఫోన్ పేమెంట్ యాప్ చాలు, మన వీసా కార్డో మాస్టర్‌కార్డో దానికి కలపొచ్చు. గూగుల్, వాట్సాప్ అక్కడి వైఫైలో పనిచేయవు, ఇంటర్నేషనల్ రోమింగ్ పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

[తెర మీద: తైహెదియాన్ మండపం, మూడంతస్తుల తెల్లరాతి అరుగు]

ఇక లోపలికి. ఎదురుగా కనిపించేది తైహెదియాన్. పట్టాభిషేకాలు, పెద్ద కొలువులు జరిగింది ఇక్కడే. ప్రాసాదం పూర్తయిన మరుసటి ఏడాదే, 1421లో, పిడుగు పడి మూడు ప్రధాన మండపాలూ తగలబడిపోయాయి. కట్టడం, కాలిపోవడం, మళ్ళీ కట్టడం ఆ తర్వాత కూడా జరిగింది. ఇప్పుడు మీరు చూసేది 1695 నాటిది. అంతా కర్ర కట్టడం కదా, నిప్పంటే అంత భయం. ఆవరణల్లో కనిపించే పెద్దపెద్ద గంగాళాలు అలంకారానికి పెట్టినవి కావు, మంటలార్పే నీళ్ళ కోసం పెట్టినవి. చలికాలంలో నీళ్ళు గడ్డకట్టకుండా కింద నిప్పు పెట్టేవాళ్ళు.

బంగారు పూత ఉన్న గంగాళాల మీద గీతలు చూడండి. 1900లో విదేశీయుల మీద లేచిన బాక్సర్ తిరుగుబాటును అణచడానికి ఎనిమిది దేశాల సేనలు బీజింగ్‌లోకి దిగాయి. అప్పుడు సైనికులు బంగారాన్ని గీకిన గుర్తులని చెబుతారు. బ్రిటిష్ సేనలో రాజ్‌పుత్, సిక్కు, పంజాబ్ దళాల సిపాయిలు కూడా ఆ నగరంలోకి వచ్చారు. భారతీయులుగా మనం ఆ గంగాళం ముందు ఒక నిమిషం ఆగాలి అని నా అభిప్రాయం.

[తెర మీద: బావొహెదియాన్ వెనక, డ్రాగన్లు చెక్కిన రాయి]

మూడో మండపం బావొహెదియాన్. దాన్ని ముందు నుంచి చూసి పక్కకు జరిగిపోకండి, వెనక్కి వెళ్ళండి. మెట్ల మధ్య వాలుగా పరిచిన ఒకే రాయి ఉంటుంది. 16 మీటర్లకు పైగా పొడవు, బరువు 200 టన్నుల పైమాటే. నాకైతే ఈ ప్రాసాదం మొత్తంలో దీన్ని మించింది లేదు.

ఇది బీజింగ్‌కి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో, ఫాంగ్‌షాన్ క్వారీల్లో దొరికింది. అంత బరువుని ఆనాటి బండి చక్రాలు మోయలేవు. అందుకని చలికాలం వచ్చేదాకా ఆగారు. దారి పొడవునా అరకిలోమీటరుకో బావి తవ్వి, ఆ నీళ్ళు పోసి దారిని గడ్డ కట్టించారు. ఆ మంచు మీద రాయిని లాక్కొచ్చారు. మంచు మీద ఇంకాస్త నీళ్ళు పోస్తే, తడి గచ్చు మీద బిందె జారినట్టు బరువు తేలిగ్గా జారుతుంది. 1557లో 120 టన్నులు దాటిన ఇంకో రాయిని ఇలాగే 28 రోజుల్లో తెచ్చినట్టు లెక్కలున్నాయి. ఈ రాయి మీద ఇప్పుడున్న డ్రాగన్లు మాత్రం తర్వాత, 18వ శతాబ్దంలో చింగ్ వంశపు చియన్‌లాంగ్ చక్రవర్తి కాలంలో మళ్ళీ చెక్కినవి.

[తెర మీద: చెక్క పెట్టెలు మోస్తున్న మనుషులు, పాత ఫొటో]

గదులు ఖాళీగా ఎందుకున్నాయంటే, 1931లో జపాన్ చైనా ఈశాన్యాన ఉన్న మంచూరియాని ఆక్రమించింది. బీజింగ్‌కి ముప్పు తప్పదని తెలిసి, మ్యూజియం సిబ్బంది 1933లో 13,000కి పైగా పెట్టెల్లో వస్తువులు సర్ది దక్షిణానికి తరలించారు. షాంఘై, నాంజింగ్, అక్కడి నుంచి యుద్ధం తరుముతుంటే పడమటి కొండల్లోకి. పడవల్లో, లారీల్లో, రైళ్ళలో. కమ్యూనిస్టులకూ జాతీయవాద ప్రభుత్వానికీ మధ్య జరిగిన అంతర్యుద్ధం చివర్లో, 1948, 49 సంవత్సరాల్లో, దాదాపు 3,000 పెట్టెలు తైవాన్‌కి చేరాయి. ఇప్పటికీ తైపేలోని మ్యూజియంలో ఉన్నాయి. బీజింగ్‌లో మిగిలింది కూడా తక్కువేం కాదు, 18 లక్షలకు పైగా వస్తువులున్నాయి. కానీ అవి నడిమధ్య దారిలో కనిపించవు.

[తెర మీద: మ్యాప్, ఈశాన్య మూల ఎర్రగీతతో]

అందుకే తూర్పుకి తిరగండి. ట్రెజర్ గ్యాలరీకి వేరే టికెట్, 10 యువాన్లే. ఈ భాగాన్ని చియన్‌లాంగ్ తన విశ్రాంత జీవితం కోసం బాగుచేయించుకున్నాడు. తాత కాంగ్‌షీ 61 ఏళ్ళు పాలించాడు, ఆయన్ని దాటకూడదని ఈయన 60 ఏళ్ళకి సింహాసనం దిగాడు. తీరా ఇక్కడికొచ్చి ఉన్నాడా అంటే లేదు. అధికారం వదల్లేక పాత చోటే ఉండిపోయాడు. ఆయన చెక్కించిన 5 టన్నుల పైబడిన జేడ్ అనే పచ్చరాయి శిల్పం ఇక్కడే ఉంది. వరదను అదుపు చేసిన యూ మహారాజు కథ అది. కొండలు, చెట్లు, మధ్యలో రాళ్ళు కొడుతున్న చిన్నచిన్న మనుషులు. దగ్గరికెళ్ళి ఒక్కో మనిషినీ చూడండి. పక్కనే మూడంతస్తుల నాటకశాల ఉంది, పాత్రలు పైనుంచి దిగడానికీ కింద నుంచి లేవడానికీ దాని నేలలో తలుపులున్నాయి.

మొత్తానికి ఐదు గంటలు చేతిలో పెట్టుకోండి. బయటికి ఉత్తరాన షెన్‌వూమెన్ నుంచి వస్తారు. రోడ్డు దాటితే జింగ్‌షాన్ గుట్ట, టికెట్ 2 యువాన్లు. కందకం తవ్విన మట్టితో పోసిన గుట్ట ఇది. 1644లో తిరుగుబాటుదారులు నగరంలోకి వచ్చినప్పుడు, మింగ్ చివరి చక్రవర్తి చోంగ్‌జెన్ ఇక్కడే ఉరేసుకున్నాడు. పైకెక్కితే పసుపు పెంకుల కప్పులన్నీ ఒకేసారి కనిపిస్తాయి.

ఆ రోజే ప్యాలెస్‌కి దక్షిణాన ఉన్న తియానన్‌మెన్ స్క్వేర్ కూడా చూడాలనుకుంటే, ప్యాలెస్ టికెట్‌తో అది రాదు. దానికి వేరే రిజర్వేషన్, అది కూడా పాస్‌పోర్టు మీదే. కనీసం ముందురోజైనా చేసుకోండి. స్క్వేర్‌ని పొద్దున్నే ముగించి తర్వాత వూమెన్‌కి వెళ్ళండి, ఎందుకంటే ఉత్తరం నుంచి మళ్ళీ అక్కడికి రావాలంటే ప్యాలెస్ చుట్టూ తిరిగి, సెక్యూరిటీ క్యూలో మొదటి నుంచి నిలబడాలి.