తోడు ఎంత వేశారని కాదు, గిన్నె ఎక్కడ పెట్టారు?

[స్టవ్ మీద పాలగిన్నె, దగ్గరగా]

పాలు ఇప్పుడే పొంగాయి. మంట సిమ్‌లో పెట్టాను. ఇంకో పది నిమిషాలు ఇలాగే కాగాలి, తర్వాత గోరువెచ్చగా చల్లారాలి, అప్పుడు తోడు వేద్దాం. ఈలోగా మీతో ఒక విషయం తేల్చుకోవాలి.

చలికాలం మొదలైతే చాలు, నాకు ఒకటే ప్రశ్న వస్తుంటుంది. "అక్కా, పెరుగు తోడుకోవట్లేదు. తోడు ఎంత వెయ్యమంటారు?" ఒకరు రెండు స్పూన్లు వేశామంటారు, ఇంకొకరు గరిటెడు. మొన్న ఒకావిడ అర లీటరు పాలకి అర కప్పు పెరుగు కలిపారట. తెల్లారి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి, అడుగున పెరుగు పలుకులు. ఆ సాయంత్రం ఆవిడ ముప్పావు కప్పు వేశారు! ఇలాంటివి వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తోడు చాలక పెరుగు తోడుకోకపోవడం చాలా అరుదు. చలికి తోడుకోదు. ఈ వీడియో మొత్తం ఆ ఒక్క మాట కోసమే.

నేనూ ఇదే తప్పు చేశాను. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి అద్దెగదిలో ఉన్న మొదటి డిసెంబరు అది. కిటికీ పక్కన గ్రానైట్ గట్టు. దాని మీద స్టీలు గిన్నెలో పాలు తోడేసి పడుకునేదాన్ని. మూడు రోజులు వరసగా తోడుకోలేదు. నాలుగో రోజు నాలుగు స్పూన్లు వేశాను. పొద్దున్న మూత తీస్తే పుల్లటి వాసన, పల్చటి పాలు. అమ్మమ్మకి ఫోన్ చేశాను. తోడు ఎంత వేశావని ఆవిడ అడగలేదు. "గిన్నె ఎక్కడ పెట్టావే?" అంది. చెప్పాను. "రాతి మీద పెట్టి, చలిగాలికి వదిలేసి, పాపం వాటినేం చెయ్యమంటావు?" అంది.

"వాటిని" అంది చూడండి. సూక్ష్మజీవుల సంగతి అమ్మమ్మ ఏ పుస్తకంలోనూ చదవలేదు. కానీ ఆ పాలలో ఎవరో పనిచేస్తున్నారని ఆవిడకి తెలుసు.

మా అమ్మమ్మది కోనసీమలో ఒక ఊరు. వరినాట్లని అక్కడ ఊడ్పులంటారు. పెరుగు సంగతి నాకు ఊడ్పులతో పోల్చుకుంటేనే బాగా అర్థమైంది కాబట్టి మీకూ అలాగే చెప్తాను. మీరు వేసే తోడు ఊడ్పులకొచ్చిన మనుషులు. ఒక చిన్న స్పూన్ పెరుగులో ఆ సూక్ష్మజీవులు కోట్ల కొద్దీ ఉంటాయి. పైగా వీళ్ళు మామూలు మనుషులు కారు, పరిస్థితి అనుకూలంగా ఉంటే గంటలోపే ఒక్కరు ఇద్దరవుతారు. కాబట్టి మనుషులు చాలరేమోనన్న బెంగ మీకు అక్కర్లేదు. మీ చేను సిద్ధంగా ఉందా అన్నదే ప్రశ్న. సిద్ధం కాని చేలోకి యాభై మందిని పిలిస్తే ఏమవుతుంది? గట్టు మీద కూర్చుంటారు. కూలి మాత్రం ఇవ్వాలి. నాలుగు స్పూన్లు వేసిన నా పాలకి జరిగింది అదే. పెరుగు కాలేదు, తోడులో ముందే ఉన్న పులుపు మాత్రం పాలకి ఎక్కింది.

సూక్ష్మజీవులకి చేను సిద్ధం కావడమంటే వెచ్చదనం. మన ఇంటి పెరుగులో రకరకాలవి కలిసే ఉంటాయి. కొన్నిటికి 30 డిగ్రీలు హాయి, కొన్నిటికి 40 దాటాలి. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర అన్నీ ముడుచుకుని నిద్రపోతాయి. 60 దాటితే చాలావరకు చచ్చిపోతాయి. అంటే సలసల కాగే పాలలో తోడు వేసినవాళ్ళు వచ్చినవాళ్ళని వాకిట్లోనే చంపేసినట్టు. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రి 15 డిగ్రీలకి దిగుతుంది. మీరు గోరువెచ్చగానే తోడేస్తారు, నిజమే. కానీ గ్రానైట్ గట్టు మీద స్టీలు గిన్నె గంటలో చల్లబడిపోతుంది. ఊడ్పులు మొదలైన గంటకే పనివాళ్ళందరికీ నిద్ర ముంచుకొచ్చిందన్నమాట.

[మంట ఆపుతూ]

పది నిమిషాలైంది. దించేస్తున్నాను.

ఈ పది నిమిషాలు ఎందుకు కాచానో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఇంకో పొరపాటు ఉంది. "ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే కదా, గోరువెచ్చగా చేసి తోడేస్తే చాలదా?" అంటారు. తోడుకుంటుంది. కానీ గట్టిగా ఉండదు. పాశ్చరైజేషన్ అంటే మామూలుగా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు. చెడు క్రిములు చావడానికి అది సరిపోతుంది, పెరుగు గట్టిపడడానికి సరిపోదు. పాలలో కేసిన్ అని ఒక ప్రొటీన్ ఉంది, సన్నటి ఉండలుగా తేలుతూ ఉంటుంది. దానితోపాటు పెరుగుతేటలోకి వెళ్ళిపోయే ప్రొటీన్లు వేరే ఉన్నాయి. పాలని బాగా కాచినప్పుడు ఈ రెండో రకం విచ్చుకుని, వెళ్ళి కేసిన్ ఉండలని అంటుకుంటాయి. అలా అంటుకున్న ఉండలు తర్వాత నీటిని గట్టిగా పట్టి ఉంచుతాయి. అందుకే కాచిన పాల పెరుగు గరిటెతో తీస్తే అచ్చులా వస్తుంది, కాచని పాల పెరుగు నీళ్ళొదులుతుంది. పెద్ద పెద్ద డెయిరీల్లోనూ పెరుగుకి వాడే పాలని 85 డిగ్రీల పైన చాలాసేపు కాస్తారు.

ఊడ్పుల్లో ఇది దమ్ము. నీళ్ళు పెట్టి, దున్ని, మెత్తగా చేసిన బురదలోనే నారు నిలబడుతుంది.

పాలు కాచడం అనగానే నాకు అమ్మమ్మ వాళ్ళ దాలి కళ్ళ ముందుకొస్తుంది. దీని గురించి చెప్పకుండా నేను ముందుకు వెళ్ళలేను. పెరట్లో, వసారా చివర, నేలలో ఒక గుంట. దాన్ని దాలి అనేవాళ్ళం. పొద్దున్నే అందులో పిడకలు పేర్చి నిప్పు రాజేసేది. మంట ఉండదు, బూడిద కింద కణకణలాడే నిప్పు మాత్రమే. దాని మీద పాలకుండ పెట్టి, చిల్లుల మూకుడు బోర్లించేది. ఇక ఆ పాలు సాయంత్రం దాకా అక్కడే. పొంగవు, మాడవు, ఊరికే కాగుతూ ఉంటాయి. బడి నుంచి వచ్చేసరికి పెరడంతా ఒక వాసన. పొగ, పాలు, ఇంకేదో తియ్యటిది. సాయంత్రం మూకుడు తీస్తే పాలు తెల్లగా ఉండేవి కావు, లేత ఇటుక రంగు. పైన మీగడ వేలు మందాన, ముడతలు పడి, బంగారు రంగుకి తిరిగి. కుండ అంచుకి అంటుకున్న మీగడ కోసం నేనూ మా పెదనాన్న కొడుకూ కొట్టుకునేవాళ్ళం. అమ్మమ్మ ఇద్దరికీ చెరో వైపు గీకి పెట్టేది.

ఆ దాలి పాల పెరుగు కత్తితో కొయ్యొచ్చు అనేవాళ్ళు. అబద్ధం కాదు. అవి గేదె పాలు, ఆవు పాలకి రెట్టింపు దాకా కొవ్వు ఉంటుంది, ప్రొటీనూ ఎక్కువే. రోజంతా కాగడం వల్ల నీరు ఇంకిపోయి పాలు చిక్కబడేవి. ఆ రెండో రకం ప్రొటీన్లు చాలావరకు కేసిన్‌కి అంటుకునేవి. పాలలోని చక్కెర, ప్రొటీను కలిసి నిదానంగా వేగడం వల్ల ఆ రంగు, ఆ వాసన. ఇప్పుడు మన ప్యాకెట్ చూడండి. టోన్డ్ పాలంటే 3 శాతం కొవ్వు, ఫుల్ క్రీమ్ అంటే 6 శాతం. మూడు శాతం పాలు పొంగగానే దించేసి, అమ్మమ్మ పెరుగు రావట్లేదని తోడుని తిట్టుకుంటే ఎలాగండీ?

[చేతిలో గిన్నె]

ఇంకా వేడిగానే ఉంది. చిటికెన వేలు పెట్టి చూస్తాను. అమ్మమ్మ లెక్క ఇది: వేలు ముంచి పది అంకెలు లెక్కపెట్టగలగాలి. ఐదుకే తీసేస్తే ఇంకా ఆగాలి. అసలు వేడే తెలియకపోతే ఆలస్యమైపోయినట్టు. మన ఒంటి వేడి 37 డిగ్రీలు, దానికంటే కాస్త ఎక్కువ వెచ్చగా అనిపించాలి. చేతులు శుభ్రంగా కడుక్కునే పెట్టండి.

ఈ గోరువెచ్చటి పాలలో లోపల ఏం జరుగుతుందంటే, మన పనివాళ్ళు పాలలోని చక్కెరని తిని లాక్టిక్ ఆమ్లం చేస్తారు. పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గితే పులుపు పెరిగినట్టు. పాల పీహెచ్ 6.6 దగ్గర ఉంటుంది, అది మెల్లగా దిగుతుంది. కేసిన్ ఉండలు మామూలుగా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, అందుకే పాలు పాలలా ఉంటాయి. పులుపు పెరిగేకొద్దీ ఆ తోపులాట తగ్గుతుంది. 4.6 దగ్గరికి వచ్చేసరికి చేతులు పట్టుకుని వల అల్లుకుంటాయి. నీరు, కొవ్వు ఆ వలలో చిక్కుకుంటాయి. మనం తినేది ఆ వలనే.

తోడు ఎక్కువైతే వచ్చే నష్టం ఇక్కడే తెలుస్తుంది. ఎండాకాలంలో గరిటెడు తోడు వేస్తే మూడు నాలుగు గంటల్లోనే పులుపు ఎక్కేస్తుంది, వల హడావుడిగా అల్లుకుంటుంది. పలుకులు పలుకులుగా వస్తుంది, నీళ్ళు తేలతాయి. చిన్న చేలో వందమంది దిగి ఒకరి నారు ఒకరు తొక్కినట్టు. చలికాలంలో ఇంకో అర స్పూన్ ఎక్కువ వెయ్యండి, తప్పు లేదు, కాస్త త్వరగా మొదలవుతుంది. కానీ గిన్నెకి దుప్పటి కప్పకుండా ఆ అర స్పూన్ మాత్రం వేసి లాభం లేదు.

తోడుకునేటప్పుడు గిన్నె కదపకూడదని పిల్లలకి చెప్తాం కదా, అది ఉత్తి చాదస్తం కాదు. ఊడ్చిన చేలో మర్నాడు ఎవరైనా నడుస్తారా? వేరు పట్టేదాకా ఆగుతారు. సగం అల్లుకున్న వల కదిలితే తెగుతుంది, తెగిన చోట తేట ఊరుతుంది. "తోడుకుందా లేదా" అని గంటగంటకీ మూత తీసి గిన్నె వంచి చూసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

వేడి అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. పెరుగు జిగురుగా తీగ సాగితే ఆ తోడులో వేరే రకాలు చేరాయి. దాన్ని మళ్ళీ తోడుకి వాడకండి, పక్కింట్లోంచి కొత్తది తెచ్చుకోండి. దీపాలు పెట్టాక పెరుగు ఇవ్వరని మా ఊళ్ళో పట్టింపు, కాబట్టి వెలుగుండగానే అడగండి. తోడు ఫ్రిజ్‌లోంచి తీస్తే ఓ అరగంట బయట ఉంచి, రెండు స్పూన్ల పాలలో చిలికి అప్పుడు కలపండి. అసలు తోడే లేకపోతే ఎండుమిరపకాయలు తొడిమలతో సహా వెచ్చటి పాలలో వెయ్యండి. తొడిమల మీద ఉండే సూక్ష్మజీవులే తోడవుతాయి. మొదటిసారి పల్చగా వస్తుంది, దాన్ని తోడుగా వాడితే రెండోసారి బాగుంటుంది. మట్టిచట్టిలో అయితే గోడలు నీరు పీల్చుకుని పెరుగు ఇంకా గట్టిగా వస్తుంది, కానీ చట్టి త్వరగా చల్లబడుతుంది, చలికాలంలో గోనెగుడ్డ చుట్టాల్సిందే. తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెడితే పులుపు పెరగడం బాగా తగ్గుతుంది.

[వేలు ముంచి]

ఒకటి, రెండు, మూడు... పది. సరిపోయింది.

ఇదిగో, అర లీటరు పాలకి ఒక్క చిన్న స్పూన్. ఇంతే. మూడుసార్లు తిప్పాను. మూత పెట్టాను. పాత శాలువా ఒకటి చుట్టి, ఇదిగో ఈ బియ్యం డబ్బాలో దింపుతున్నాను. బియ్యం మీద కూర్చుంది, చుట్టూ బియ్యమే, చలి తగలదు. అమ్మమ్మ వడ్లగాదె పక్కన పెట్టేది, నాకు గాదె లేదు.

మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యేటప్పుడు, అందరూ పెరుగన్నంలోకి మాగాయ టెంక వేసుకుని చీకుతుండగా, పెరుగు గిన్నె అడుగంటే వేళకి అమ్మమ్మ వంటింట్లోంచి కేకేసేది, "తోడుకి ఉంచారా?" అని. ఎవరికి ఎంత ఆకలి ఉన్నా ఆ చివరి స్పూన్ జోలికి ఎవరూ పోయేవాళ్ళం కాదు. ఇప్పుడు నేను పాలలో కలిపింది కూడా నిన్న మా వాడిని ఆపి ఉంచిన స్పూనే.

డబ్బా మూత వేస్తున్నాను. ఈ కెమెరా స్టాండ్ ఇదే బల్ల మీద ఉంది, తీస్తే బల్ల కదులుతుంది. పొద్దున్న దాకా దీన్ని ఇక్కడే వదిలేస్తున్నాను.