మనుషులు మారినా మారని వీధులు

అందరికీ నమస్కారం.

మా ఇంట్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నావిడ మన తెలుగావిడే. వాళ్ల తాతలు నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చి కూవం నది గట్టున గుడిసె వేసుకున్నారు. ఆ గుడిసెలు తీసేశాక ఆవిడను ఊరి శివారులో అలాంటివాళ్ల కోసం ప్రభుత్వం కట్టిన కణ్ణగి నగర్‌కు పంపారు. పోయినేడాది వాళ్లబ్బాయి ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ మా ఇంటి చిరునామా రాసుకోవచ్చా అని అడిగాడు. "మా ఏరియా పేరు చూస్తే పిలవరమ్మా" అన్నాడు. ఆ మాట నన్నింకా వదల్లేదు.

"ఆ పేటవాళ్లంతే" అని మనమూ అంటుంటాం. పూర్వం "ఆ కులంవాళ్లంతే" అనేవారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరం చేసింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకలవాళ్లను అలాగే ఒకచోట చేర్చి కాపలా పెట్టారు. ఆ చట్టం 1952లో పోయింది. పేరుకు అంటిన మచ్చ పోలేదు.

ఇంతకీ నేరం మనుషులదా, చోటుదా? అమెరికాలోని షికాగోలో క్లిఫర్డ్ షా, హెన్రీ మెక్‌కే అనే ఇద్దరు పరిశోధకులు బాలల కోర్టు రికార్డులు తీసి, ఒక్కో కుర్రాడి ఇంటినీ నగరపటం మీద చుక్కగా పెట్టారు. చుక్కలు ఎక్కువగా పడింది నగరం నడిబొడ్డుకు ఆనుకుని ఉన్న పేటల్లో. ఫ్యాక్టరీలు, పాత అద్దె కొంపలు, నాలుగు డబ్బులు చేతికొస్తే ఖాళీ చేసి పోదామని చూసే జనం ఉండే చోటు అది. మొదట జర్మన్లు, ఐరిష్‌వాళ్లు ఉండేవారు. తర్వాత ఇటాలియన్లు, పోలిష్‌వాళ్లు వచ్చారు. జనం పూర్తిగా మారినా చుక్కలు ఆ పేటలను విడిచిపోలేదు. అక్కణ్ణుంచి బయటపడిన జాతుల పిల్లల్లో మాత్రం నేరాలు తగ్గాయి. 1942లో ఇదంతా పుస్తకంగా వచ్చింది. కోర్టు రికార్డులో ఉండేది పోలీసులకు చిక్కినవాళ్లే, కలిగినింటి పిల్లాడి దొంగతనం ఇంట్లోనే సర్దుకుపోతుంది. అది గుర్తుంచుకుని చదివినా ఆ పటాల బలం తగ్గదు.

అయితే తప్పంతా పేదరికానిదేనా? రాబర్ట్ శాంప్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం అదే షికాగోలో 343 పేటలు, 8,782 మందిని తీసుకుని చూసి, 1997లో ప్రచురించింది. వాళ్లడిగిన ప్రశ్నలు నాకెంతో నచ్చాయి. పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి మూల నిలబడితే మీ పొరుగువాళ్లు ఏమైనా అంటారా? మీ ఇంటి ముందు కొట్లాట జరిగితే అడ్డుపడతారా? అవునన్న పేటల్లో, పేదరికం అంతే ఉన్నా, హింస తక్కువ. "ఎవరబ్బాయివిరా, బడికి పోలేదా?" అని గద్దించే పెద్దమ్మ ఉన్న వీధి అన్నమాట.

కణ్ణగి నగర్‌లో 15 వేలకు పైగా ఇళ్లు. నగరంలో ఎక్కడెక్కడి గట్ల నుంచో, రోడ్ల పక్క నుంచో తెచ్చి నింపారు. మా పనావిడకు గట్టు మీద ఉన్న పెద్దమ్మ ఇప్పుడు ఏ బ్లాకులో ఉందో, అసలు ఎక్కడుందో తెలియదు. పని మాత్రం పాత చోటే ఉంది. తెల్లవారుజామునే రెండు బస్సులు మారి ఊళ్లోకి వస్తుంది, చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది. బడి వదిలాక పిల్లలను చూసేదెవరు? వాళ్లకు ఇల్లిచ్చాం, నిజమే. ఇరుగుపొరుగును మనమే తీసేసుకున్నాం.

పగిలిన కిటికీల సిద్ధాంతం అని 1982లో ఒకటొచ్చింది. చిన్న అస్తవ్యస్తతను వదిలేస్తే పెద్ద నేరం వస్తుందని. దాని పేరు చెప్పి వీధిలో ఉన్నవాళ్లను చిన్నచిన్న వాటికే పట్టుకోవడాన్ని నేను ఒప్పుకోను. వేరే దారి ఉంది. అమెరికాలోనే ఫిలడెల్ఫియాలో 541 పాడుపడ్డ ఖాళీ స్థలాలతో ఒక ప్రయోగం చేశారు. కొన్నింటిలో చెత్త ఎత్తి, గడ్డి, చెట్లు వేశారు. పేద పేటల్లో అలా చేసిన చోట్ల తుపాకీ హింస 29 శాతం తగ్గిందని 2018లో ప్రచురించారు. అందుకు ఒక్కరినీ అరెస్టు చేయనక్కర్లేకపోయింది.

మీలో చాలామంది ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఆఫీసుల్లో పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. కణ్ణగి నగర్ మీ ఆఫీసు పక్కనే. అక్కడి చిరునామాతో దరఖాస్తు వస్తే పక్కన పెట్టకండి, ఇంటర్వ్యూకు పిలవండి. ఆ అబ్బాయి ఈసారి తన ఇంటి చిరునామాయే రాస్తానన్నాడు.