వాన ముంచెత్తితే చేపలకు పస్తు, కార్డు ఇస్తే కూలీ రేటు పైకి

(విశాఖపట్నం నుంచి అక్కాతమ్ముళ్ల పాడ్‌కాస్ట్. ఈ ఎపిసోడ్ మాటలకు రాతప్రతి.)

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఎంవీపీ కాలనీ నుంచి అక్కా, నేనూ మళ్లీ వచ్చాం. ఈసారి టాపిక్ కొత్త పరిశోధనలు. చంద్రుడితో మొదలుపెడదామన్నాను. అక్క ఒప్పుకోలేదు.

అక్క: నీ చంద్రుడికి కాసేపు ఇస్తాలే, ముందు ఎదురుగా ఉన్న సముద్రం సంగతి చూద్దాం. బంగాళాఖాతం ప్రపంచ సముద్రాల విస్తీర్ణంలో ఒక్క శాతం కూడా ఉండదు. అయినా ప్రపంచంలో దొరికే చేపల్లో దాదాపు 8 శాతం ఇక్కడివే.

తమ్ముడు: ఒక్క శాతం నీళ్లలో ఎనిమిది శాతం చేపలా!

అక్క: తెల్లారుజామున మన ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట చూసినవాళ్లకు పెద్ద వింతగా అనిపించదు. సరే, ఆ చేపలకు తిండి ఎక్కణ్ణుంచి వస్తోంది? వాన అటూ ఇటూ అయితే ఆ తిండి ఏమవుతుంది? 2025లో నేచర్ జియోసైన్స్ అనే పత్రికలో దీని మీద ఒక పేపర్ వచ్చింది. అరిజోనా విశ్వవిద్యాలయంలో పనిచేసే కౌస్తుభ్ తిరుమలై, ఆయన బృందం రాసింది. వాళ్లు 22 వేల సంవత్సరాలు వెనక్కి వెళ్లారు.

తమ్ముడు: అప్పటి చేపల లెక్క ఎవరు రాసిపెట్టారు?

అక్క: చేపల లెక్క కాదు, ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల లెక్క. కంటికి సరిగ్గా ఆనవు. ఒంటి చుట్టూ సున్నపు గుల్ల కట్టుకుంటాయి. చచ్చాక ఆ గుల్ల అడుగుకు పోయి బురదలో కలుస్తుంది. బతికినప్పుడు నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి, ఎంత ఉప్పగా ఉన్నాయి, ఎంత పోషకం ఉంది అన్నది గుల్ల రసాయనంలో మిగిలిపోతుంది. 2014-15లో జాయిడిస్ రిజల్యూషన్ అనే ఓడ బంగాళాఖాతంలో అడుగు తవ్వి బురద స్తంభాలు పైకి తీసింది. పైపొర కొత్తది, కిందికి పోయేకొద్దీ పాతది. పాపం, ఆ ఓడ 2024లో పని మానేసింది. నడిపే డబ్బు ఆపేశారు.

తమ్ముడు: సరే, ఏం తేలింది? వాన బాగా పడితే నదులు బురద మోసుకొస్తాయి, బురదలో ఎరువు ఉంటుంది, చేప బలుస్తుంది. నా లెక్క ఇది.

అక్క: చాలామంది లెక్క అదే. కానీ తేలింది వేరు. దాదాపు 17,500 నుంచి 15,500 ఏళ్ల కిందట రుతుపవనాలు బాగా నీరసించాయి. 10,500 నుంచి 9,500 ఏళ్ల కిందట విపరీతంగా కురిశాయి. ఈ రెండు కాలాల్లోనూ పైనీళ్లలో తిండి సగానికి సగం పడిపోయింది.

తమ్ముడు: వాన తక్కువైనప్పుడు పడిపోయిందంటే సరే. ఎక్కువైనప్పుడు ఎందుకు?

అక్క: గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి అన్నీ ఈ సముద్రంలోకే వస్తాయి. మంచినీళ్లు ఉప్పునీళ్ల కంటే తేలిక. కాబట్టి పాల మీద మీగడ కట్టినట్టు పైన పొరగా నిలబడిపోతాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ లాంటి పోషకాలు ఎక్కువగా లోతులో ఉంటాయి. అవి పైకి రావాలంటే గాలి నీళ్లను కలియదిప్పాలి. పొర మందమైతే గాలికి ఆ పని సాగదు. పైన ఎండ ఉంటుంది, తిండి ఉండదు. కింద తిండి ఉంటుంది, ఎండ ఉండదు. ఈ రెండూ కలిసేచోట పెరగాల్సిన వృక్ష ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే సన్నటి మొక్కల్లాంటి జీవులు, పెరగవు. వాటిని తినే చిన్న జీవులు తగ్గుతాయి, వాటిని తినే కానాగంతలు తగ్గుతాయి, కానాగంతల్ని తినే వంజరం తగ్గుతుంది.

తమ్ముడు: వాన తక్కువైతే?

అక్క: అప్పుడు గాలే నీరసం. కలియదిప్పేవాడు లేడు. దారి వేరైనా ఫలితం ఒకటే.

తమ్ముడు: ఆగు, మనకు తుఫాన్లు వస్తాయిగా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన నెత్తిమీదే తీరం దాటింది. అది సముద్రాన్ని కలియదిప్పలేదా?

అక్క: మంచి ప్రశ్న. తుఫాను వెళ్లాక దాని దారి వెంట ప్లవకాల పచ్చదనం పెరగడం ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తూనే ఉంటుంది. కానీ అది కొన్నాళ్ల ముచ్చట, దాని దారి పొడవునే. నేను చెప్పేది వందల ఏళ్ల సగటు. పైగా బంగాళాఖాతంలో ఈ మంచినీటి పొర ఉండటం వల్ల అరేబియా సముద్రంలో లాగా లోతు నీళ్లు సులువుగా పైకి రావు. అందుకే అటు గాలులకు పోషకం బాగా పైకి తేలుతుంది, ఇటు అంత తేలదు.

తమ్ముడు: మరి రాబోయే రోజుల సంగతి?

అక్క: వేడెక్కే ప్రపంచంలో మన నైరుతి వానలు పెరుగుతాయని, నదుల నుంచి ఇంకా ఎక్కువ మంచినీళ్లు వస్తాయని వాతావరణ నమూనాలు చెబుతున్నాయి. పదివేల ఏళ్ల కిందటి పరిస్థితికి కొంచెం దగ్గరగా అన్నమాట. రచయితల ఆందోళన అదే. అలాగని టీవీలో స్క్రోలింగ్ వేసినట్టు ‘బంగాళాఖాతంలో చేపలు మాయం’ అని వాళ్లు అనలేదు. వాళ్లు కొలిచింది ప్లవకాల తిండి. వలలో పడే చేప దగ్గరికి వచ్చేసరికి మరపడవలు ఎన్ని, వల కన్ను ఎంత సన్నం, పిల్ల చేపను వదులుతున్నారా లేదా, ఇవన్నీ ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం పెట్టగలం. గోదావరికి మాత్రం నిషేధం పెట్టలేం కదా.

తమ్ముడు: ఇప్పుడు నా చంద్రుడు.

అక్క: త్వరగా కానీ.

తమ్ముడు: 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది, గుర్తుందిగా. ప్రజ్ఞాన్ రోవర్ మొత్తం 103 మీటర్లు తిరిగి 23 చోట్ల మట్టిని పరీక్షించింది. మూలకాలు గుర్తుపట్టే పరికరం ఒకటి మట్టి మీదికి దించేది. అహ్మదాబాద్ భౌతిక పరిశోధన ప్రయోగశాల బృందం 2024 ఆగస్టులో నేచర్ పత్రికలో ఫలితాలు వేసింది. ఎక్కడ చూసినా దాదాపు ఒకే మట్టి, ఫెర్రోవాన్ అనార్థోసైట్ అనే రాయి తాలూకుది. చంద్రుడు పుట్టిన కొత్తలో పైనంతా కరిగిన రాయి సముద్రం ఉండేదని, తేలికైన ఖనిజం పైకి తేలి గట్టిపడి పైపెంకు అయిందని ఒక సిద్ధాంతం. అమెరికా అపోలో, సోవియట్ లూనా యాత్రలు తెచ్చిన రాళ్లు చంద్రుడి మధ్య భాగాల నుంచి వచ్చాయి. దక్షిణ ధ్రువం వైపు కూడా అదే సాక్ష్యం దొరకడం ఇదే మొదటిసారి.

అక్క: 103 మీటర్లలో చంద్రుడి బాల్యం అంతా చెప్పేశారంటావా?

తమ్ముడు: అంతా కాదు. సిద్ధాంతం ఇంకో చోట కూడా నిలబడింది, అంతే. నీలాగే నేనూ జాగ్రత్తగానే చెబుతున్నా.

అక్క: బాగుంది. ఇప్పుడు నాకు చాలా ఇష్టమైనది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. మన పక్కన విజయనగరం జిల్లా కూడా అందులో ఉంది. కరువు పని.

తమ్ముడు: ఉపాధి హామీ.

అక్క: ఊళ్లల్లో అందరూ కరువు పనే అంటారు. డబ్బులు పోస్టాఫీసు ద్వారా వచ్చేవి. ఎప్పుడొస్తాయో తెలియదు, మధ్యలో ఎవరెవరు తింటారో తెలియదు. వేలిముద్రతో పనిచేసే స్మార్ట్ కార్డు ఇచ్చి, ఊళ్లోనే చెల్లించే మనిషిని పెట్టాలని ప్రభుత్వం అనుకుంది. అప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఒక మాట అడిగారు. ఎలాగూ అన్ని మండలాలకూ ఒకేసారి ఇవ్వలేరు, ఏ మండలానికి ముందు ఇవ్వాలో లాటరీ తీయండి అని. ఎనిమిది జిల్లాలు, 157 మండలాలు, దాదాపు కోటి తొంభై లక్షల జనం. 112 మండలాలకు కార్డు ముందు వచ్చింది, 45 మండలాలకు చివర్లో.

తమ్ముడు: లాటరీ దేనికి? ముందు, తర్వాత అని పోల్చుకుంటే చాలదా?

అక్క: చాలదు. మధ్యలో వాన బాగా పడితే? ఎన్నికలు వస్తే? కార్డు గొప్పా, వాన గొప్పా ఎలా తెలుస్తుంది? లాటరీ తీస్తే రెండు వైపులా వాన ఒకటే, ఎన్నిక ఒకటే. తేడా కార్డు ఒక్కటే. 2016లో వచ్చిన మొదటి పేపర్‌లో డబ్బు త్వరగా అందింది, దోపిడీ తగ్గింది అని తేలింది. అది అందరూ ఊహించేదే. అసలు కథ 2023లో ఎకనామెట్రికా పత్రికలో వచ్చింది. పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. పేదరికం 26 శాతం తగ్గింది.

తమ్ముడు: కరువు పని డబ్బుతోనే అంత పెరిగిందా?

అక్క: అక్కడే ఉంది తమాషా. పెరిగిన ప్రతి వంద రూపాయల్లో 86 రూపాయలు కరువు పని నుంచి వచ్చినవి కావు. పొలం కూలీ, ఇతర బయటి పనుల నుంచి వచ్చాయి. కరువు పని వాటా 14 రూపాయలే. ఇందాకటి 14 శాతం వేరు, ఇది వేరు. కలిపేయకు.

తమ్ముడు: కార్డు ఇచ్చింది కరువు పనికి, పెరిగింది పొలం కూలీనా?

అక్క: ఆలోచించు. కరువు పని డబ్బు టైముకు పడుతుందంటే కూలీకి ధైర్యం. రైతు తక్కువ ఇస్తానంటే ‘అయితే నేను కరువు పనికి పోతాను బాబూ’ అనగలుగుతుంది. నిజంగా పోనక్కర్లేదు, పోగలనని అనగలిగితే చాలు. అందుకని రైతు రేటు పెంచుతాడు.

తమ్ముడు: రేటు పెరిగితే పని తగ్గాలిగా. డిగ్రీలో నాకు చెప్పిన లెక్క అదే.

అక్క: ఇక్కడ తగ్గలేదు, బయటి పనిదినాలు కూడా పెరిగాయి. పనికి పిలిచేవాళ్లు ఊళ్లో కొద్దిమందే ఉన్నప్పుడు రేటును వాళ్లు కింద తొక్కి ఉంచగలరు. అంత తక్కువకు కొందరు ఇంట్లోనే ఉండిపోతారు. రేటు న్యాయంగా మారితే వాళ్లూ బయటికి వస్తారు. కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోవాల్సిన పనిలేదని న్యూజెర్సీ హోటళ్ల మీద డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ 1994లో చూపించింది కూడా ఈ తరహాదే. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మన దగ్గర ‘కరువు పని వల్ల కూలీలు దొరకట్లేదు’ అని ప్రతి పెళ్లిలో ఒక పెద్దాయన అంటాడు చూడు, ఆయనకు ఈ పేపర్ వినిపించాలి.

తమ్ముడు: ఆయన బాధ కూడా నిజమేగా అక్కా. రెండెకరాల రైతు అదనపు కూలీ ఎక్కడ తెచ్చి ఇస్తాడు?

అక్క: నిజమే. రెండెకరాలున్న ఇంట్లో ఆడవాళ్లు పక్క పొలానికి కూలికి కూడా పోతారు. వాళ్లు ఇచ్చేవాళ్లూ, తీసుకునేవాళ్లూ కూడా. లాభమా నష్టమా అన్నది ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది. నాకు నచ్చింది ఏమిటంటే, పథకం ఖాతా పుస్తకం మాత్రమే చూసినవాళ్లకు ఈ 86 రూపాయలు ఎక్కడా కనిపించవు. అవి ప్రభుత్వ డబ్బే కాదు.

తమ్ముడు: అయితే వేలిముద్ర పెడితే అంతా బాగుపడుతుందన్నమాట.

అక్క: అది మాత్రం అనకు. ఇదే ముగ్గురు తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ పెట్టడాన్ని పరీక్షించారు. అక్కడ జనానికి ఖర్చు, తిప్పలు పెరిగాయి. ఆధార్ కలపని కొందరు నిజమైన లబ్ధిదారులకు బియ్యమే ఆగిపోయింది. ఆంధ్రలో కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలో కూడా డబ్బు ఇచ్చారు. జార్ఖండ్‌లో అంత సందు వదల్లేదు.

తమ్ముడు: మన అమ్మకు బొటనవేలు పడదు కదా, ఆవిడ సంగతి?

అక్క: అమ్మకు చూపుడువేలు పడుతుంది. దాని మీద ఇంకా పేపర్ రాలేదు. ప్రశ్నలుంటే పంపండి, వచ్చే వారం చూస్తాం.