పంపినవాళ్లను అనే ముందు ఫైలు లోపల చూడండి

వేదిక మీది పెద్దలకు, బెజవాడ కాలేజీల నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం. వెబ్‌మెయిల్ సర్వర్ల నిర్వహణ గురించి మాట్లాడమన్నారు. అంతా చెప్పను. అటాచ్‌మెంట్ల సంగతి ఒక్కటే చెబుతాను, నా బాధంతా అక్కడే ఉంది.

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒకరి దగ్గర లెక్కలు చూసే అమ్మాయి ఒక ఆఫీసుకు వర్డ్ ఫైలు పంపింది. అక్కడ వాడేది రౌండ్‌క్యూబ్, అంటే బ్రౌజర్‌లో మెయిల్ చూపించే సాఫ్ట్‌వేర్. తెరవబోతే అనుమానించాల్సిన ఫైలని హెచ్చరిక వచ్చింది. “మీ సిస్టమ్‌లో వైరస్ ఉందమ్మా, మళ్లీ పంపండి” అన్నారు. మళ్లీ పంపింది, మళ్లీ అదే మాట. యార్డులో సీజను జోరుగా ఉన్న రోజులు. పని ఆపుకుని, టెన్షన్ పడి, కంప్యూటర్ ఫార్మాట్ చేయించింది. అయినా అదే మాట!

వైరస్ ఎక్కడిదండీ? 1992లో మైమ్ అనే, మెయిల్‌లో ఫైళ్లు జతచేసే పద్ధతి వచ్చినప్పటి నుంచి, అటాచ్‌మెంట్ ఏ రకమో పంపే సాఫ్ట్‌వేరే మెయిల్‌లో రాస్తుంది. రౌండ్‌క్యూబ్ ఆ రాతను గుడ్డిగా నమ్మదు, ఫైలు మొదటి బైట్లను తనే పరీక్షిస్తుంది. అది మంచి పనే. కానీ డాక్స్, అంటే వర్డ్ ఫైలు లోపల ఉండేది జిప్పే, అంటే ఫైళ్లను కుదించి కట్టిన మూటే. అది ‘పీకే’ అనే రెండక్షరాలతో మొదలవుతుంది. ఆ సర్వర్‌లో రకాలను గుర్తుపట్టే లిబ్‌మ్యాజిక్ బాగా పాతది, జిప్ అని మాత్రమే చెప్పగలిగింది. మెయిల్ వర్డ్ అంది, సర్వర్ జిప్ అంది, రెండూ కలవక హెచ్చరిక వచ్చింది. తప్పు ఆఫీసుది, మాట పడింది ఆ పిల్ల.

బాబూ, వెనక కూర్చున్నవాళ్లు కూడా ఇది రాసుకోండి. ఫిర్యాదు రాగానే మెయిల్ సోర్స్, అంటే మెయిల్ అసలు రాత తెరవండి. బేస్64 భాగం, అంటే ఫైలును అక్షరాలుగా మార్చి రాసిన చోటు, ‘జే వీ బీ ఈ ఆర్’ అని మొదలైతే పీడీఎఫ్. ‘యూ ఈ ఎస్ డీ బీ’ అయితే జిప్ కుటుంబం, డాక్స్ కూడా అందులోదే. తర్వాత ఫైలును సర్వర్‌లో పెట్టి, రకం చెప్పే ‘ఫైల్’ కమాండ్ ఏమంటుందో చూడండి. రౌండ్‌క్యూబ్ నడిచే పీహెచ్‌పీలో, ఫైలు రకం కనిపెట్టే ఫైల్‌ఇన్‌ఫో ఉందా, వెబ్‌సైట్ వాడే పీహెచ్‌పీలోనే ఉందా? కమాండ్ లైన్‌లో కనిపించినంత మాత్రాన సరిపోదు. ఏ ఎక్స్‌టెన్షన్ ఏ రకమో రాసి ఉండే మైమ్ టైప్స్ ఫైలు దారి రౌండ్‌క్యూబ్ సెట్టింగ్‌లో సరిగ్గా ఉందా?

ఇవన్నీ చూడకుండా “మళ్లీ పంపండి” అనకండి. దయచేసి అనకండి. తప్పు మన సర్వర్‌దని తేలితే, పంపినవాళ్లకు మనమే ఫోన్ చేసి ఆ మాట చెబుదాం.