మీసాల చేపకి చోటు

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో చిన్న అక్వేరియం పెట్టుకున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అడుగున చెత్త పేరుకుపోతోంది, దాన్ని తినేసే చేప ఏదైనా ఉందా?" అని. చాలాసార్లు ఆ ప్రశ్నకి జవాబుగా ఒక మీసాల చేపని, అంటే క్యాట్‌ఫిష్‌ని, సంచిలో వేసి ఇచ్చేస్తారు. నా మొదటి క్యాట్‌ఫిష్ మా ఇంటికి వచ్చిందీ అలాగే. అడుగు శుభ్రం చేస్తుందని తెచ్చాను తప్ప, దానికి ఏం కావాలో నేను అడగలేదు. ఒక్కటే చేప. కింద గరుకు గులకరాళ్లు. విడిగా మేత వెయ్యలేదు, పైచేపలు వదిలేసిందే దానికి తిండి. కొన్ని నెలలకి దాని మీసాలు అరిగిపోయి, మూతి దగ్గర చిన్న మొటిమల్లా మిగిలాయి. ఆ చేప ఇప్పటికీ నా కళ్ల ముందు మెదులుతూ ఉంటుంది. అందుకే ఈ మాటలు చెప్పాలనుకున్నాను.

ముందుగా ఒక అపోహ పోవాలి. అక్వేరియంలో పెంచే క్యాట్‌ఫిష్ మిగతా చేపల మలం తిని తొట్టెని శుభ్రం చెయ్యదు. మిగిలిన మేత కొంత తింటుంది, తిన్నాక అదీ మలం వదులుతుంది. తొట్టెలోకి కొత్త చేప వచ్చిందంటే నీళ్ల మీద బరువు పెరిగినట్టే. అడుగున చేరిన మురికిని గొట్టంతో లాగెయ్యడం, వారానికోసారి పాతిక శాతం నీళ్లు మార్చడం మన పనే. ఆ పనికి మనం సిద్ధంగా ఉంటేనే మీసాల చేప గురించి ఆలోచించాలి.

ఇక పరిమాణం సంగతి. తెలుగులో జెల్ల అనీ వాలుగ అనీ పిలుచుకునేవి కూడా ఈ వర్గానివే. ప్రపంచంలో వీటి జాతులు 3,000కు పైనే ఉన్నాయి. 2005లో థాయ్‌లాండ్‌లో మెకాంగ్ నదిలో పట్టిన ఒక క్యాట్‌ఫిష్ 293 కిలోలు తూగింది. మరోవైపు, పిగ్మీ కోరీ అనే చేప పూర్తిగా ఎదిగినా రెండున్నర సెంటీమీటర్లు దాటడం అరుదు. ఇబ్బంది ఏమిటంటే, అమ్మేచోట అన్నీ వేలెడంతే ఉంటాయి. గాజుకి అతుక్కుని ముద్దుగా కనిపించే మామూలు సక్కర్ ఫిష్ 40 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. వెండిరంగులో మెరుస్తూ, షార్క్ అనే పేరుతో అమ్ముడయ్యే పంగాసియస్ పిల్ల మీటరు పొడవు దాటుతుంది. ఎర్రతోక క్యాట్‌ఫిష్ కూడా అంతే. "తొట్టె ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది లెండి" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఇరుకులో చేప గిడసబారుతుంది, రోగాలపాలై ముందే చచ్చిపోతుంది. పెద్దదైపోయిందని చెరువులోనో కాలవలోనో వదిలేస్తే ఇంకా అన్యాయం. సక్కర్ చేపలు అలా బయటపడి ఎన్నో దేశాల్లో అక్కడి చేపలకి బెడదగా మారాయి. కాబట్టి కొనేముందు అడగాల్సిన మొదటి మాట, "ఇది ఎదిగాక ఎంత అవుతుంది?"

సరే, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టె అనుకుందాం. నిండా పోస్తే దాదాపు 57 లీటర్లు. ఇసుక, మొక్కలు పోను 50 లీటర్ల లోపే నీళ్లు. ఈ తొట్టెకి నన్నడిగితే రెండో మాట లేకుండా కోరీడోరస్ అంటాను. పెంచేవాళ్లు ముద్దుగా కోరీ అంటారు. దక్షిణ అమెరికా చేపలివి. పెప్పర్డ్ కోరీ అనే మచ్చల రకాన్ని చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడ ప్రయాణంలో సేకరించాడు. 1842లో లెనార్డ్ జెనిన్స్ దానికి శాస్త్రీయ వర్ణన రాశాడు. ఈ మధ్య 2024లో శాస్త్రవేత్తలు కోరీలని చాలా ప్రజాతులుగా విడదీసి పేర్లు మార్చారు. కాబట్టి ఒకే చేప మీకు రెండు పేర్లతో కనబడితే కంగారు పడకండి.

కోరీ అసలు అందం చూడాలంటే మెత్తటి ఇసుక వెయ్యాలి. మూతిని కళ్లదాకా ఇసుకలోకి దూర్చి ఒక పుక్కిలి తీసుకుంటుంది. తినదగ్గది నోట్లోనే ఏరుకుని, మిగతా ఇసుకని మొప్పల్లోంచి వదిలేస్తుంది. బుగ్గల పక్కనుంచి రెండు సన్నటి ఇసుక ధారలు జారుతుంటాయి. నోటి చుట్టూ మీసాలు క్షణం ఆగకుండా తడుముతూనే ఉంటాయి. మధ్యలో ఒకసారి కన్ను కిందకి తిప్పుతుంది, అచ్చం కన్ను కొట్టినట్టే ఉంటుంది! గులకరాళ్ల మీద ఈ పని సాగదు. ఒక మాట జాగ్రత్తగా వినండి. మీసాలు పాడవడానికి పదునైన రాళ్లు ఒక కారణమైతే, రాళ్ల సందుల్లో కుళ్లే మురికి అంతకన్నా పెద్ద కారణం. ఇసుక వేసినా అడుగు శుభ్రంగా లేకపోతే మీసాలు దక్కవు.

కోరీ ఉన్నట్టుండి బాణంలా పైకి దూసుకెళ్లి, నీటిపైన ఒక గుక్క గాలి మింగి, అంతే వేగంగా కిందకి వస్తుంది. అది రోగం కాదు. ఆ గాలిలోని ప్రాణవాయువుని పేగు చివరి భాగంతో పీల్చుకోగల చేప అది. అయితే అన్నీ కలిసి నిమిషనిమిషానికీ పైకి వస్తుంటే మాత్రం నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందేమో, నీళ్లు పాడయ్యాయేమో చూసుకోవాలి.

ఇవి గుంపు చేపలు. ఒకే రకం ఆరుకి తగ్గకుండా పెంచాలి. ఈ రకం రెండు, ఆ రకం రెండు, ఇంకో రకం రెండు అంటే ఆరైనట్టు కాదు, దేనికీ సరైన తోడు దొరకదు. వేడి కూడా చూసుకోండి. పెప్పర్డ్ కోరీకి 20 నుంచి 24 డిగ్రీల చల్లటి నీళ్లు హాయి. నీళ్లు ఎప్పుడూ 26 డిగ్రీల దగ్గర ఉండే తొట్టెకి స్టెర్బై కోరీ మంచిది. బాగా చూసుకుంటే కోరీ అయిదారేళ్లు, అంతకన్నా ఎక్కువే బతుకుతుంది. ఇంటికి తెచ్చేముందు ఆ ఏళ్లు లెక్కలో పెట్టుకోండి.

తొట్టె ఇంకా చిన్నది, 40 లీటర్లే అంటారా? పిగ్మీ కోరీలు ఎనిమిదో పదో తెచ్చుకోండి. ఇవి తమ బంధువుల్లా అడుగునే ఉండవు, నడినీటిలో గుంపుగా ఈదుతాయి, అలసినప్పుడు ఆకుల మీద వాలతాయి. పెద్ద చేపలతో మాత్రం కలపకండి.

ఓటోసింక్లస్ నాలుగు సెంటీమీటర్ల మీసాల చేప. నాచు తింటుందని దీన్నీ అందరూ తెచ్చుకుంటారు. నాకు దీని మీద చాలా బెంగ. ఇవి ఎక్కువగా నదుల్లో పట్టి తెచ్చినవే. దారిలో తిండి లేక సగం చచ్చి చేరతాయి. కొత్త తొట్టెలో గాజు తళతళలాడుతుంటే దానికి తినడానికేముంది? కనీసం కొన్ని నెలలు నడిచి, రాళ్ల మీద పల్చగా పాచి పట్టిన తొట్టెలోనే వెయ్యాలి. కొనేటప్పుడు గాజుకి అతుక్కున్నప్పుడు పొట్ట చూడండి. గుండ్రంగా ఉంటే సరే, లోపలికి పీక్కుపోయి ఉంటే వదిలెయ్యండి.

సక్కర్ ఫిష్ మీదే మనసుంటే బ్రిసిల్‌నోస్ అనే చిన్న రకం తీసుకోండి. అది 12 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. దానికీ 80 లీటర్లు ఉండాలి, గీరుకోవడానికి ఒక కర్రముక్క, మేతగా కీరదోస ముక్క కావాలి. వెన్నెముక దాకా కనిపించే గాజు క్యాట్‌ఫిష్ అందమైనదే కానీ గుంపూ నెమ్మదీ కోరుకుంటుంది, మొదటిసారి పెంచేవాళ్లకి చెప్పను. తలకిందులుగా ఈదే సైనొడాంటిస్‌కీ మన రెండడుగుల తొట్టెకన్నా పెద్దది కావాలి. పిక్టస్ క్యాట్‌ఫిష్ మాత్రం వద్దు. దాని నోట్లో పట్టే చిన్న చేపలు రాత్రికి రాత్రి మాయమవుతాయి.

చేపలకన్నా ముందు తొట్టె సిద్ధమవ్వాలి. మలం నుంచి పుట్టే అమ్మోనియాని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నెలా నెలన్నర పడుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించేదాకా ఆగండి. అడుగున ఉండే చేపకి మునిగే బిళ్లలే మేత. పైన తేలే పలుకులు దాని దాకా రావు. తొట్టెలో మందు వెయ్యాల్సి వస్తే ఉప్పు, రాగి ఉన్న మందుల విషయంలో జాగ్రత్త. కొన్ని క్యాట్‌ఫిష్‌లకి అవి పడవు.

కొనే రోజు మీసాలు పూర్తిగా ఉన్నాయా, రెక్కలు విప్పుకుని ఉన్నాయా చూసి తీసుకోండి. కోరీ వెన్నురెక్కకీ పక్కరెక్కలకీ గట్టి ముళ్లుంటాయి. భయపడితే వాటిని నిలబెట్టి బిగించేస్తుంది. వలతో పడితే ఆ ముళ్లు దారాల్లో చిక్కుకుంటాయి, లాగితే రెక్క చిరుగుతుంది. అందుకే గిన్నెతో ముంచి తియ్యమనండి, సంచి రెండు పొరలుగా వెయ్యమనండి. ఇంటికొచ్చాక సంచిని పావుగంట తొట్టెలో తేలనిచ్చి, తొట్టె నీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ వదలండి. ఆ రాత్రి లైటు వెయ్యకండి. ఒక బిళ్ల వేసి పక్కకి తప్పుకోండి. కాస్త దూరంగా, కదలకుండా కూర్చుంటే, చీకటికి కళ్లు అలవాటయ్యాక మొదటి మీసాలు ఇసుకని తడమడం మీకే కనబడుతుంది.