చీనీ ఆకు పసుపెక్కితే, ఏ ఆకో ముందు చూడండి

అందరికీ నమస్కారం. పొద్దున ఈ తోటలో తిరిగి నాలుగు ఆకులు కోసుకొచ్చాను. ముందు వీటిని చేతుల్లోకి తీసుకుని చూడండి. నాలుగూ పసుపెక్కిన చీనీ (బత్తాయి) ఆకులే. దుకాణానికి పోతే నాలుగింటికీ ఒకటే మందు ఇస్తారు. కానీ వీటిలో ఏ రెంటి జబ్బూ ఒకటి కాదు.

ఇది కొమ్మ మొదట్లో ఉన్న ముదురాకు. అంచులు పసుపెక్కాయి. తొడిమ దగ్గర వెడల్పుగా మొదలై కొనవైపు సన్నబడుతూ ఒక పచ్చని గోపురం మాత్రం మిగిలింది. ఇది మెగ్నీషియం లోపం. ఈ రెండోదీ ముదురాకే, కానీ ఈనెలతో సహా అంతా ఒకే తీరున పాలిపోయింది. నత్రజని చాలలేదు. మూడోది చిగురాకు. సన్నగా, పొట్టిగా, ఈనెల మధ్య పసుపు మచ్చలతో ఉంది. జింకు లోపం. నాలుగోదీ చిగురే. ఎండకు పట్టి చూడండి, పసుపు గుడ్డ మీద పచ్చదారంతో వల కుట్టినట్టు సన్న ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. ఇది ఇనుము లోపం.

ముదురాకు, చిగురాకు అని ఎందుకు విడదీస్తున్నానంటే, పత్రహరితం అణువు నడుమ ఒక మెగ్నీషియం ఉంటుంది, దాన్ని పట్టుకుని నాలుగు నత్రజనులుంటాయి. ఈ రెండూ చెట్టులో కదులుతాయి. కరువొస్తే చెట్టు పాత ఆకులో ఉన్నది కరిగించి చిగురుకు పంపుతుంది. అందుకే ముందు ముదురాకు పసుపెక్కుతుంది. ఇనుము, జింకు అలా సులువుగా కదలవు. అందుకే ఆ దెబ్బ చిగురు మీద పడుతుంది. ఇక ఆ పసుపు కొత్తగా వచ్చింది కాదు. ఆకులో ఎప్పుడూ ఉండే రంగే, పచ్చదనం తగ్గితే బయటపడుతుంది.

పచ్చదనం తగ్గితే ఎండను పట్టేది తగ్గుతుంది, అంతవరకు మీకు తెలిసిందే. నష్టం అక్కడితో ఆగదు. పత్రహరితంలో ఇనుము ఉండదు, కానీ దాన్ని తయారు చేయడానికి ఇనుము కావాలి. ఎండ ఇచ్చిన శక్తిని ఆకులో చేతులు మార్చుతూ ముందుకు నడిపే ప్రోటీన్లకూ ఇనుమే కావాలి. నీటిని చీల్చి ఆక్సిజన్ వదిలే చోట నాలుగు మాంగనీస్ పరమాణువులు పనిచేస్తాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టే ఎంజైముకే ఆకు నత్రజనిలో పెద్ద వాటా పోతుంది. మెగ్నీషియం లేకపోతే చేసిన చక్కెర కూడా ఆకు దాటి సరిగా పోదు. వేరు పస్తుంటుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన తప్పొకటి చెప్పాలి. ఒక పెద్దాయన తోటలో చిగుళ్లన్నీ పసుపెక్కాయి. నేను వంగి నేల చూడకుండానే యూరియా వేసి నీళ్లు బాగా కట్టమన్నాను. నెల తర్వాత పోతే చిగుళ్లు పాలలా తెల్లబడి ఉన్నాయి. అప్పుడు పాదు తవ్వించాను. జానెడు లోతున బురద, పుల్లటి వాసన. పీచువేరు పట్టుకుని లాగితే పైతోలు తొడుగులా వేళ్లకు ఊడొచ్చింది, లోపల దారం మిగిలింది. వేరుకుళ్లు. ఆయన నన్నొక మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ.

ఆ నేల ఎర్రనేల. ఆ ఎరుపంతా ఇనుమే! ఇనుములో నిలబడి చెట్టు ఇనుముకు అలమటించింది. ఎందుకంటే అడుగున సున్నం ఉంది, బోరు నీళ్లలో బైకార్బొనేటు ఉంది. చీనీ వేరు తన చుట్టూ కాస్త పులుపు వదిలి, గట్టిపడిన ఇనుమును కరిగించి తీసుకుంటుంది. సున్నం, బైకార్బొనేటు ఆ పులుపును విరిచేస్తాయి. నీళ్లు నిలిస్తే నేలకు గాలాడక బైకార్బొనేటు ఇంకా పెరుగుతుంది. పైగా ఇనుమును కరిగించే పనికి వేరుకు చక్కెర కావాలి, అది రావాల్సింది ఆకు నుంచి. ఆకు పసుపైతే వేరుకు తిండి లేదు, వేరు నీరసిస్తే ఆకుకు ఇనుము లేదు. చెట్టు ఏళ్ల తరబడి ఈ సుడిలోనే తిరుగుతుంది. పూత విరగబూస్తుంది, పిందె నిలవదు. మీరు నీళ్లు ఆపి చెట్టును వాడబెట్టి, మళ్లీ నీళ్లిచ్చాక వచ్చే పూతను మోసేది ముదురాకుల్లో దాచుకున్న నిల్వే మరి.

అందుకని ముందు నీళ్లు సరిచేయండి. మొదలుకు తడి తగలకుండా రెండు వలయాల పాదు చేయండి. వానాకాలంలో మురుగు పోయే కాలువ తీయండి. సున్నపు నేలలో అన్నభేది (ఇనుప సల్ఫేటు) ఉత్తగా మట్టిలో వేస్తే కొద్ది రోజుల్లో అదీ గట్టిపడుతుంది. ఇనుమును గట్టిపడకుండా పట్టి ఉంచే మందును చిలేటు అంటారు. అలాంటి చోట ఈడీడీహెచ్ఏ రకం ఇనుప చిలేటు నిలబడుతుంది, ఈడీటీఏ రకం నిలబడదు. డబ్బా మీద చదివి కొనండి. ఆకుల మీద అన్నభేది కొడితే చుక్క పడినంత మేరే పచ్చబడటం మీరూ చూసే ఉంటారు. జింకుకు మాత్రం పిచికారీ బాగా పనిచేస్తుంది. లీటరుకు 5 గ్రాముల జింక్ సల్ఫేటు, సున్నపు తేట కలిపి, చిగురాకు విచ్చుకుంటున్నప్పుడు కొట్టండి. ఆకు ముదిరాక కొట్టింది చాలావరకు వృథా.

ఒక్క పసుపుకు మాత్రం ఎరువు మందు కాదు. ఆకు నడిమి ఈనెకు ఒకవైపు మచ్చ ఒకలా, రెండోవైపు ఇంకోలా ఉంటే గ్రీనింగ్ తెగులని అనుమానించండి. లోపాల్లో రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటుంది. చిగుళ్ల రసం పీల్చే సిల్లా పురుగు మోసుకొచ్చే బ్యాక్టీరియా ఆహారనాళాలను మూసేస్తుంది. చక్కెర బయటికి పోలేక ఆకులోనే పిండిగా పేరుకుని పత్రహరితం ఉండే పొరలను చెదరగొడుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో దీన్ని 2005లో గుర్తించారు. 2003-04లో అక్కడ సుమారు 24 కోట్ల పెట్టెల నారింజ పండింది, 2022-23లో 1.6 కోట్లకు పడిపోయింది. తుపాన్లూ దెబ్బతీశాయి, కానీ పెద్ద పాపం ఈ తెగులుదే. చిగుళ్ల మీద సిల్లాను అదుపులో పెట్టండి. అంట్లు తెగులు లేని నర్సరీలోనే కొనండి.

మిగతాది మాటలతో తెలిసేది కాదు. ఆ మూల వరసలో చిగురు తెల్లబడిన చెట్టొకటి ఉంది. గడ్డపార ఎవరైనా పట్టుకొస్తే, దాని పాదు తవ్వి వేరు చూద్దాం.