ఏటా గ్యాస్ నింపించినా కారులో చల్లదనం ఎందుకు నిలవడం లేదు?

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఎండకు ఉక్కపోత కూడా తోడయ్యే విశాఖలో కారు ఏసీ మొరాయిస్తే ఎంత ఇబ్బందో మీకు తెలియనిది కాదు. మీ సందేహాలకు సమాధానమివ్వడానికి కారు ఏసీల మరమ్మతులో చాలాకాలంగా పనిచేస్తున్న మెకానిక్ గారు స్టూడియోకు వచ్చారు. మొదటి కాల్ పెదవాల్తేరు నుంచి. చెప్పండి.

శ్రోత (పెదవాల్తేరు): నమస్కారమండి. మా ఇల్లు బీచ్ రోడ్డుకు దగ్గర, కారు ఎప్పుడూ ఆరుబయటే ఉంటుంది. వేసవి వచ్చేసరికి ఏటా కూలింగ్ తగ్గిపోతోంది. గ్యాస్ నింపిస్తే కొన్నాళ్లు బాగుండి, మళ్లీ మామూలే. గ్యాస్ ఏటా అయిపోవడం సహజమేనని షాపులో అంటున్నారు.

మెకానిక్: సహజం కాదండి. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. గ్యాస్‌ను ఒత్తిడితో తోసే కంప్రెసర్, దాని వేడిని బయటికి వదిలే కండెన్సర్, ఒత్తిడి తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, కారు లోపలికి వచ్చే గాలిని చల్లబరిచే ఇవాపరేటర్ల గుండా మూసి ఉన్న గొట్టాలలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల నుంచి, సీళ్ల నుంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గవచ్చు గానీ, ఏటా తగ్గుతోందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. మీ ఇల్లున్న చోటును బట్టి నా మొదటి అనుమానం కండెన్సర్ మీద. అది రేడియేటర్‌కు ముందు, గ్రిల్ వెనకాలే ఉంటుంది. దాని అల్యూమినియం గొట్టాలు, రేకులు చాలా పలుచన. సముద్రపు గాలిలోని ఉప్పు వాటిపై పేరుకుని లోహాన్ని తినేస్తే, కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలు పడతాయి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కొంత బయటికి వస్తుంది కాబట్టి, కండెన్సర్ మీద గానీ గొట్టాల అతుకుల దగ్గర గానీ జిడ్డుగా దుమ్ము పట్టిన మరక కనిపిస్తే లీకు అక్కడే ఉండే అవకాశం ఎక్కువ.

శ్రోత (పెదవాల్తేరు): షాపులో ఏం చేయమని అడగాలి?

మెకానిక్: ముందు లీకు ఎక్కడుందో చూపించమనండి. నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి సబ్బునీళ్లతో చూడవచ్చు, లేదా రంగు మందు ఎక్కించి అతినీలలోహిత దీపంతో వెతకవచ్చు. ఇవాపరేటర్ లీకైతే చాలా కార్లలో డ్యాష్‌బోర్డ్ విప్పాల్సి వస్తుంది, కూలి బాగా పెరుగుతుంది. కాబట్టి రూఢి చేసుకోకుండా విప్పనివ్వకండి. లీకు సరిచేశాక వాక్యూమ్ పంపును కనీసం అరగంట నడిపి లోపలి గాలిని, తేమను లాగేయాలి; పంపు ఆపాక ప్రెషర్ మీటరు ముల్లు కదలకుండా నిలవాలి. ఆ తర్వాత బోనెట్ కింది స్టిక్కర్‌లో రాసిన గ్రాముల లెక్క ప్రకారం తూకం వేసి గ్యాస్ నింపాలి. ఎక్కువ నింపితే ఎక్కువ చల్లబడుతుందని కొందరు అనుకుంటారు గానీ, ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. మన కార్లలో విస్తృతంగా వాడే ఆర్-134ఎ గ్యాస్, వందేళ్ల లెక్కలో చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. లీకు మూయకుండా ఏటా దాన్ని గాలిలోకి వదలడం ఎవరికీ మంచిది కాదు. ఇంటి దగ్గర మీరు చేయగలిగింది ఒకటుంది: ఇంజిన్ చల్లారాక కండెన్సర్‌ను తరచూ మంచినీళ్లతో నెమ్మదిగా కడగండి. ప్రెషర్ పంపును దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి.

వ్యాఖ్యాత: మద్దిలపాలెం నుంచి ఒక శ్రోత ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత (మద్దిలపాలెం): హైవే మీద వెళ్తున్నంతసేపూ చల్లగానే ఉంటుందండి. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వేడిగాలి వస్తోంది.

మెకానిక్: కారు నడుస్తున్నప్పుడు ఎదురుగాలే కండెన్సర్‌ను చల్లబరుస్తుందమ్మా. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. ఇంజిన్, ఏసీ ఆన్‌లో ఉంచి బోనెట్ ఎత్తి చూడండి; చెయ్యి మాత్రం లోపల పెట్టకండి. ఫ్యాన్ అసలు తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరుసగా చూపించండి. అది బాగానే తిరుగుతుంటే కండెన్సర్ మట్టితో పూడుకుపోయి ఉండవచ్చు, గ్యాస్ తగ్గినా ఇదే లక్షణం కనిపిస్తుంది. చాలా కార్లలో రేడియేటర్‌ను చల్లబరిచేదీ ఆ ఫ్యానే కాబట్టి ఆలస్యం చేస్తే ఇంజిన్ వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత ముల్లు మీద ఒక కన్నేసి ఉంచండి.

శ్రోత (గాజువాక): నమస్కారం సార్. మా కారులో బ్లోయర్ శబ్దం గట్టిగా వస్తుంది గానీ గాలి అంతంత మాత్రమే.

మెకానిక్: కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది, మార్చడం తేలిక. ఫ్యాక్టరీల దుమ్ములో, లారీల రాకపోకల మధ్య తిరిగే బండికి మాన్యువల్‌లోని గడువు కంటే ముందే మార్చాలి. అయితే మొదట గాలి బాగా వచ్చి, గంటసేపు నడిపాక తగ్గిపోయి, ఏసీ కాసేపు ఆపితే మళ్లీ వస్తోందంటే మాత్రం అది ఫిల్టర్ సంగతి కాదు. ఇవాపరేటర్ మీద మంచు కడుతోందన్నమాట; దాని ఉష్ణోగ్రతను చూసే సెన్సర్‌ను, గ్యాస్ పరిమాణాన్ని పరీక్షించాలి.

వ్యాఖ్యాత: చివరి కాల్ భీమిలి నుంచి.

శ్రోత (భీమిలి): ముందు సీటు కింద, పక్కన కూర్చునేవారి వైపు, మ్యాట్ తడిసిపోతోందండి. వాన కూడా లేదు.

మెకానిక్: ఆ నీటిని ముట్టుకుని చూడండి. రంగు, జిగురు లేని మామూలు నీరైతే అది గాలిలోని తేమే. ఇవాపరేటర్ మీద చేరిన ఆ నీరు డ్రెయిన్ పైపు ద్వారా కారు కిందికి పోవాలి. పైపు పూడుకుపోతే లోపలికి కారుతుంది. శుభ్రం చేయిస్తే చాలు. జిగురుగా, రంగుగా ఉండి తీపి వాసన వస్తే మాత్రం హీటర్ నుంచి కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కారుతున్నట్టు, అప్పుడు వెంటనే షాపుకు తీసుకువెళ్లాలి. ఏదైనా సరే, మ్యాట్ ఒక్కటే ఆరబెట్టి ఊరుకోకండి. దాని కింద కార్పెట్‌ను కూడా ఎత్తి పూర్తిగా ఆరనివ్వండి, ఎందుకంటే చాలా కార్లలో వైర్ల కనెక్టర్లు ఆ కింద నుంచే వెళ్తాయి.